అంత్రోలీ బుల్లెట్ రైలు స్టేషను పక్కన ప్లాటు కొందామంటున్నాడు బాపు. ఇలాంటి రైలు దగ్గర ఉన్నవాళ్లు చెప్పండి

#1 లింబాయత్_మగ్గం
మాది సూరత్, లింబాయత్. తాత కాలంలో కరీంనగర్ జిల్లా నుంచి మగ్గం పని మీద వచ్చాం. ఎనిమిది పవర్‌లూమ్‌లు ఉన్నాయి, బాపు, నేను, తమ్ముడు నడుపుకుంటాం. ఈ మధ్య బాపుకు ఒక ఏజెంటు పరిచయమయ్యాడు. ముంబై–అహ్మదాబాద్ బుల్లెట్ రైలుకు సూరత్ స్టేషను అంత్రోలీలో కడుతున్నారు కదా, దాని పక్కన ప్లాటు తీసుకుంటే అయిదేళ్లలో మూడింతలు అవుతుందని చెప్పాడట. నాలుగు మగ్గాలు అమ్మేసి టోకెన్ ఇద్దామంటున్నాడు బాపు. వచ్చే ఆదివారం లోపు చెప్పాలట. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు, ఒకటే టెన్షన్.

మొన్న వెళ్లి చూసి వచ్చాను. స్టేషను ముందు భాగం వజ్రం ఆకారంలో కట్టారు, చాలా బాగుంది. చుట్టూ మాత్రం చెరకు తోటలే. మా ఇంటి నుంచి ఆటోలో ముప్పావు గంట పట్టింది.

జపాన్‌లో గానీ ఇంకెక్కడైనా గానీ ఇలాంటి రైలు పక్కన ఉన్నవాళ్లు చెప్పండి. ఊరి బయట స్టేషను కడితే దాని చుట్టూ నిజంగా ఊరు వస్తుందా? శబ్దం ఎలా ఉంటుంది? మా లాంటి వాళ్లకు ఆ రైలు వల్ల ఏమైనా ఒరుగుతుందా?

#2 చీరాల_చిన్నోడు
ముందు టోకెన్ మాత్రం ఇవ్వకండి. మా మేనమామ విమానాశ్రయం వస్తుందన్న చోట కొని పదిహేనేళ్లయింది. ఇప్పటికీ ఏటా డబ్బులిచ్చి తుమ్మ చెట్లు కొట్టిస్తున్నాడు.

#3 నగోయా_నాని
తొమ్మిదేళ్లుగా నగోయాలో ఉంటున్నాను. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడ ఒకే లైను మీద రెండు స్టేషన్లలో కనిపిస్తుంది.

ఇక్కడి మొదటి బుల్లెట్ రైలు లైను తొకైదో షింకన్‌సెన్ 1964 అక్టోబర్ 1న మొదలైంది, టోక్యో ఒలింపిక్స్‌కు సరిగ్గా తొమ్మిది రోజుల ముందు. టోక్యో నుంచి షిన్-ఒసాకా దాకా 515 కిలోమీటర్లు. ఆ రోజు తెరిచిన స్టేషన్లలో షిన్-యొకొహామా ఒకటి, గిఫు-హషిమా ఇంకొకటి. రెండూ వరి పొలాల మధ్యే కట్టారు. మీ అంత్రోలీ లాగే.

ఇవాళ షిన్-యొకొహామాలో దిగితే చుట్టూ ఆఫీసు భవనాలు, పెద్ద హోటళ్లు, కాస్త నడిస్తే డెబ్భై వేల మంది పట్టే స్టేడియం. గిఫు-హషిమాలో దిగితే ముందు కనిపించేవి కారు పార్కింగులు, నాలుగైదు హోటళ్లు, ఆ వెనక పొలాలు. ఒకే రోజు పుట్టిన స్టేషన్లు ఇవి.

షిన్-యొకొహామాకు మొదటి రోజు నుంచే పాత లోకల్ రైలు లైను కలిసేది. అయినా ఇరవై ఏళ్ల దాకా అక్కడ పెద్దగా ఏమీ పెరగలేదు. 1985లో మెట్రో వచ్చాక కదలిక మొదలైంది. తర్వాత అక్కడ ఆగే వేగమైన బళ్లు పెరుగుతూ వచ్చాయి, 2008 నుంచి అన్నిటికన్నా వేగమైన నొజొమి రైళ్లన్నీ ఆగుతున్నాయి. గిఫు-హషిమాలో నొజొమి ఈ రోజుకీ ఆగదు. స్టేషను పక్కకు ఇంకో రైలు లైను రావడానికే 1982 చివరి దాకా పట్టింది. భూమి ధర ఆగే బళ్లను బట్టి, దిగాక దొరికే బళ్లను బట్టి పెరిగింది. ఏజెంటు చెప్పే అయిదేళ్ల మాట మాత్రం ఈ రెండు చోట్లా నిజం కాలేదు.

#4 లింబాయత్_మగ్గం
నాని అన్నా, ఇది చదివాక గుండె కాస్త కుదుటపడింది, అదే సమయంలో భయం కూడా వేసింది. మా ఊళ్లో మెట్రో పనులు జరుగుతున్నాయి. రెండో లైను భేసాన్ నుంచి సరోలీ దాకా. సరోలీ నుంచి అంత్రోలీకి మళ్లీ ఆటోనే ఎక్కాలి. బాపుకు అరవై రెండు. ఇరవై ఏళ్లు ఆగమని ఆయనకు ఎలా చెప్పను?

#5 లెక్కల_మాస్టారు
ఇంటి గడప నుంచి పని జరిగే చోటి దాకా ఎంత టైం పడుతుందో లెక్క వెయ్యాలి. మీరు ముంబై కాల్బాదేవిలో బట్టల వ్యాపారిని కలవాలనుకోండి. ఇప్పుడు లింబాయత్ నుంచి సూరత్ పాత స్టేషనుకు 15 నిమిషాలు, వేగమైన రైల్లో ముంబై సెంట్రల్‌కు 2 గంటల 55 నిమిషాలు, అక్కడి నుంచి ఇంకో 20. మొత్తం మూడున్నర గంటలు.

రేపు బుల్లెట్ రైలులో అంత్రోలీకి 45 నిమిషాలు, తనిఖీ కోసం 20 నిమిషాల ముందు చేరాలి, రైల్లో గంట. అది దింపేది బాంద్రా–కుర్లా కాంప్లెక్స్‌లో, అక్కడి నుంచి కాల్బాదేవికి గంట. మొత్తం 3 గంటల 5 నిమిషాలు. రైలు వేగం రెండింతలు దాటినా మీకు మిగిలేది 25 నిమిషాలే. టికెట్ తేడా ఎంతుంటుందో చూసి అప్పుడు తేల్చుకోండి.

#6 లింబాయత్_మగ్గం
మేం ముంబై వెళ్లేదే లేదు మాస్టారూ. గ్రే గుడ్డ, అంటే రంగు వెయ్యని గుడ్డ, ఇక్కడే రింగ్ రోడ్డు మార్కెట్‌లో ఇచ్చేస్తాం. మేం రైలెక్కేది ఊరికి పోవడానికే, నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో. ఒక రాత్రి, ఒక పగలు కూర్చుని వరంగల్‌లో దిగి బస్సు పట్టుకుంటాం. సూరత్‌లో ఉన్న మన వాళ్లలో చాలా మందికి ఇంటి బండి అంటే అదే.

#7 బెంగళూరు_భాస్కర్
మాస్టారి లెక్కతో నాకు పేచీ ఉంది. బాంద్రా–కుర్లాలోనే పని ఉన్నవాడికి గంటన్నర పైగా మిగులుతుంది. ఉదయం వెళ్లి సాయంత్రం ఇంట్లో భోజనం చెయ్యొచ్చు. నేను ప్రతి శుక్రవారం రాత్రి హైదరాబాద్ బస్సెక్కి ఆదివారం రాత్రి మళ్లీ బెంగళూరు బస్సెక్కుతాను. నాలుగేళ్లుగా నడుము నొప్పి. పాపకు మూడేళ్లు, నన్ను చూస్తే కొత్తవాళ్లను చూసినట్టు చూస్తుంది. హైదరాబాద్–బెంగళూరుకు ఇలాంటి రైలు వస్తే నా బతుకే మారిపోతుంది. అన్నీ మగ్గం లెక్కలతో కొలవకండి.

#8 లెక్కల_మాస్టారు
భాస్కర్ గారూ, మీ మాట న్యాయం. నేను వేసింది ఆ కుటుంబం లెక్క మాత్రమే. మీ పాప విషయం చదివి బాధేసింది.

#9 టెక్కలి_సింహాద్రి
ఆ లైను మీదే రెండేళ్లు పని చేశాను, నవసారి దగ్గర కాస్టింగ్ యార్డులో. మాది శ్రీకాకుళం జిల్లా, మా ఊరి వాళ్లం పదకొండు మందిమి వెళ్లాం. మీరు అక్కడ చూసిన పెద్ద పెద్ద గర్డర్లు, అంటే వంతెన దూలాలు, ఎలా ఎక్కించారో చెబుతాను.

ఒక్కో గర్డరు 40 మీటర్ల పొడవు, 970 టన్నుల బరువు. 390 ఘనమీటర్ల కాంక్రీటు, 42 టన్నుల స్టీలు పడుతుంది. మామూలు ఫ్లైఓవర్లకు ముక్కలు ముక్కలుగా పోసి పైన అతికిస్తారు. ఇక్కడ రెండు పట్టాలకూ కలిపి ఒకటే పెట్టె, మధ్యలో అతుకు ఉండకూడదు. అంటే పోత మొదలెట్టాక ఆపడానికి లేదు. పంపు ఆగినా, మబ్బు పట్టినా అందరి మొహాలూ మారిపోయేవి. రాత్రి రెండింటికి పోత ఉంటే సాయంత్రమే తిని పడుకునేవాళ్లం.

గట్టిపడ్డాక యార్డులో పెద్ద టైర్ల యంత్రం దాన్ని పైకి ఎత్తుతుంది. వంతెన మీదికి చేర్చాక, అప్పటికే పెట్టిన గర్డర్ల మీదుగానే ఇంకో బండి దాన్ని మోసుకెళ్తుంది. చివర్లో లాంచరు అనే క్రేను అందుకుని తర్వాతి రెండు స్తంభాల మీద దించుతుంది. మొదటిసారి చూసినప్పుడు ఊపిరి బిగబట్టి నిలుచున్నాను. కింద రైతు చెరకు కొట్టుకుంటూనే ఉన్నాడు.

మా మేస్త్రీ రెండు నెలల కూలి ఇంకా ఇవ్వలేదు. పేరు ఇక్కడ రాయను.

#10 చీరాల_చిన్నోడు
970 టన్నులా! మా ఊరి లారీలకు పది టన్నులు ఎక్కిస్తేనే చెక్‌పోస్టులో ఆపుతారు.

#11 కాజీపేట_గ్యాంగ్‌మేట్
34 ఏళ్లు ట్రాక్ మీద చేసి రిటైర్ అయ్యాను. స్టేషను ఊరి బయట ఎందుకు కట్టారని ఎవరూ అడగలేదు, అదే అసలు సంగతి.

మన బ్రాడ్ గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1,676 మిల్లీమీటర్లు. బుల్లెట్ రైలుది 1,435. కాబట్టి ఆ బండి మన పట్టాలెక్కదు, మన బండి దాని పట్టాలెక్కదు. పాత సూరత్ స్టేషనులోకి అది రావాలంటే ఊరి నడుమ ఇళ్లు కొట్టేసి కొత్తగా దారి వెయ్యాలి. పైగా ఆ వేగానికి వంపులు చాలా విశాలంగా ఉండాలి. తొకైదో లైనులోనే వంపు వ్యాసార్ధం మామూలుగా 2,500 మీటర్లు, అప్పట్లో దాని వేగం గంటకు 210. ఇక్కడ 320కి నడుపుతారంటున్నారు కాబట్టి వంపులు ఇంకా విశాలంగా ఉండాలి. అలాంటి గీత ఇరుకు ఊళ్లోకి దూరదు, పొలాల్లోకి పోతుంది.

ఫ్రాన్స్‌లో పాత గేజూ కొత్త గేజూ ఒకటే. 1981లో పారిస్–లియాన్ మధ్య టీజీవీ అనే వేగం రైలు మొదలుపెట్టినప్పుడు ఊరు దాటాక కొత్త లైను మీద పరుగెత్తించి, ఊళ్లోకి పాత లైను మీద నెమ్మదిగా తీసుకొచ్చారు. జనం నడిబొడ్డునే దిగారు. జపాన్‌లో పాత లైన్లు 1,067 కాబట్టి వాళ్లకు ఆ వీలు లేకపోయింది. గేజు ఎంచుకున్న రోజే మీ బాపు ప్లాటు సంగతి సగం తేలిపోయింది.

#12 పూలబాట
స్పెయిన్‌లో పాత గేజ్ 1,668, అంటే మన దానికి దగ్గరే. వాళ్లు 1992లో మాడ్రిడ్–సెవిల్ లైను 1,435తో కట్టారు. అయినా దారిలో చక్రాల మధ్య దూరం మార్చుకునే టాల్గో బళ్లు పెట్టి కొత్త లైను దిగి పాత లైను మీద వేరే ఊళ్లకు వెళ్లేలా చేశారు. కాబట్టి గేజు వేరైతే అంతా అయిపోయినట్టు కాదు గ్యాంగ్‌మేట్ గారూ.

#13 కాజీపేట_గ్యాంగ్‌మేట్
ఒప్పుకుంటున్నాను. టాల్గోను మన దగ్గర 2016లో పరీక్షించారు కూడా, అది మన గేజుకు చేసిన బండి. ఆ తర్వాత ముందుకు పోలేదు.

#14 భివండి_పద్మ
మా ఆయన వాళ్లదీ మగ్గాల కుటుంబమే, భివండిలో. ఆ రైలు మా పక్క నుంచే వెళ్తుంది, డిపో కూడా మా తాలూకాలోనే. మీరంతా ఎక్కేవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. దాని కోసం లేచి వెళ్లిన వాళ్ల గురించి ఒక్కరూ రాయలేదు.

పాల్ఘర్ వైపు వార్లీ ఆదివాసీల పాడల (గూడేల) మీదుగా లైను పోయింది. మా దగ్గర తాకాలు (నేసిన గుడ్డ చుట్టలు) మోసే అతని మామ ఇల్లు అందులో పోయింది. డబ్బు వచ్చింది, లేదనను. కానీ అది ఇంటి యజమాని పేరు మీద వచ్చింది, ముగ్గురు అన్నదమ్ములు తగువులాడుకుని విడిపోయారు. ఇంటి వెనక విప్పచెట్టు ఉండేది. దానికీ లెక్క కట్టారట. ఏటా దాని కింద పూలు ఏరుకునేది ముసలామె. ఆమెకు చెట్టు పైసలతో ఏం చేసుకోవాలో తెలియలేదు.

మడ చెట్ల సంగతి కూడా. దాదాపు 20,000 చెట్లు కొట్టడానికి 2022 డిసెంబర్‌లో బొంబాయి హైకోర్టు అనుమతి ఇచ్చింది. థానే ఖాడీ (సముద్రపు పాయ) దగ్గర ఫ్లెమింగో పక్షులు దిగే చోటును కాపాడటానికి మాత్రం కిందగా సొరంగం వేస్తున్నారు. మొత్తం 21 కిలోమీటర్ల సొరంగంలో 7 కిలోమీటర్లు నీటి కింద పోతుంది. పక్షుల కోసం అంత శ్రమ పడటం నాకు నచ్చింది. మనుషుల దగ్గర కూడా అంత శ్రద్ధ పెట్టాలని అడుగుతున్నాను.

#15 బెంగళూరు_భాస్కర్
పద్మక్కా, నాకు ఈ వైపు తట్టనే లేదు. కానీ హైవే వేసినా, ప్రాజెక్టు కట్టినా భూమి పోతుంది కదా. ఈ స్తంభాల మీది వంతెనకు 17.5 మీటర్ల వెడల్పు చాలంటున్నారు. ఆరు లైన్ల హైవేకు దానికి మూడింతలు కావాలి.

#16 భివండి_పద్మ
తక్కువ భూమి పోతుందని నేనూ ఒప్పుకుంటాను తమ్ముడూ. పోయిన ఆ కొంచెం ఎవరిదన్నదే నా ప్రశ్న.

#17 పలమనేరు_రైతు
మా జిల్లా మీదుగా చెన్నై–బెంగళూరు–మైసూరు లైను ప్రతిపాదన ఉంది, 435 కిలోమీటర్లు. చిత్తూరులో స్టేషను ఉంటుందంటున్నారు. సర్వే వాళ్లు వచ్చి రాళ్లు పాతి వెళ్లారు. మట్టికట్ట వేస్తే పొలం రెండు ముక్కలవుతుంది, ఆవుల్ని అటు తోలాలంటే చుట్టూ తిరగాలి, వాన నీళ్లు ఒక పక్కే నిలుస్తాయి. స్తంభాల మీద పోతే కొంత నయం. బోర్ల మీద ఏమన్నా ఆంక్షలు పెడతారా అన్నది నా భయం. ఎవరికైనా తెలుసా?

#18 తైవాన్_తులసి
అన్నా, ఆ భయం ఇక్కడ నిజమైంది. తైవాన్ హైస్పీడ్ రైలు 2007 జనవరిలో మొదలైంది, జపాన్ షింకన్‌సెన్ బళ్లే. అది యూన్‌లిన్ అనే జిల్లా మీదుగా వెళ్తుంది. అక్కడ రైతులు, చేపల చెరువుల వాళ్లు దశాబ్దాలుగా భూగర్భ నీళ్లు తోడేస్తున్నారు, నేల కుంగుతోంది. నేలంతా ఒకేలా కుంగితే ఫరవాలేదు. ఒక స్తంభం ఎక్కువ, పక్కది తక్కువ దిగితే పైన పట్టా వంగుతుంది. గంటకు 300 వేగంలో ఆ వంపు ప్రమాదం. అందుకని లైను దగ్గర లోతు బోర్లను ప్రభుత్వం పూడ్పించింది. కొంతమంది రైతులు పంట మార్చుకోవాల్సి వచ్చింది.

స్టేషన్ల సంగతి కూడా చెబుతాను. తైనాన్ స్టేషను ఊరికి చాలా దూరం. నాలుగేళ్ల తర్వాత, 2011లో గానీ దాన్ని ఊరితో కలిపే చిన్న రైలు లైను రాలేదు. ఇంకో పక్క, తైపే–కావ్‌శ్యుంగ్ విమానాలు కొన్నేళ్లకే పూర్తిగా ఆగిపోయాయి. రైలు అంత బాగా నడుస్తుంది. మా ఆయన ఆఫీసు పని మీద పొద్దున వెళ్లి రాత్రి అన్నానికి వచ్చేస్తాడు.

#19 లెక్కల_మాస్టారు
పలమనేరు వారికి ఒక్క మాట. యూన్‌లిన్‌లో నేల ఒండ్రు, బంకమట్టి. నీళ్లు తోడితే ఆ మట్టి దిగిపోతుంది. మీ దగ్గర కొంత లోతుకే గ్రానైట్ రాయి. వెయ్యి అడుగుల బోరు వేసినా రాతి పగుళ్లలోని నీరే వస్తుంది, నేల అలా కుంగదు. కాబట్టి ఆ భయం మీకు తక్కువ. నీళ్లు అడ్డంగా పారే చోట తూములు ఎక్కడ పెడతారో మాత్రం సర్వే వాళ్ల నుంచి ఇప్పుడే రాయించుకోండి.

#20 పలమనేరు_రైతు
మంచి మాట చెప్పినారు. మా వాగు గట్టు దగ్గర నేనే నిలబడి చూపిస్తాను.

#21 నగోయా_నాని
శబ్దం గురించి ఎవరూ చెప్పలేదు, మా ఊరిదే ఆ కథ. ఇక్కడ ఇళ్ల మధ్య నుంచి లైను వెళ్తుంది. చప్పుడు, కంపనం భరించలేక 1974లో అయిదు వందల మందికి పైగా కోర్టుకు వెళ్లారు. మరుసటి ఏడాదే ప్రభుత్వం ప్రమాణాలు పెట్టింది, ఇళ్లున్న చోట 70 డెసిబెళ్లు, మిగతా చోట్ల 75. కేసు 1986లో రాజీతో ముగిసింది. పన్నెండేళ్లు.

వేగం పెరిగితే చక్రం చప్పుడు కంటే గాలి చప్పుడే ఎక్కువవుతుంది. సొరంగంలోకి బండి దూరగానే ముందున్న గాలి నొక్కుకుపోయి అవతలి వైపు తుపాకీ పేలినట్టు చప్పుడు వచ్చేది. 1997లో వచ్చిన 500 సిరీస్ బండి ముక్కును లకుముకి పిట్ట ముక్కులా పొడుగ్గా చేసింది అందుకే. ఆ పిట్ట నీళ్లలోకి దూకితే పెద్దగా చిమ్మదు కదా. ఆలోచన ఇచ్చిన ఇంజనీరుకు పక్షులు చూడటం సరదా.

మీ సూరత్ లైనుకు వంతెన రెండు పక్కలా పట్టా మట్టం నుంచి 2 మీటర్ల ఎత్తు గోడ పెడుతున్నారు. చక్రాల చప్పుడు చాలా వరకు అది ఆపుతుంది. జపాన్‌లో రాత్రి 12 నుంచి ఉదయం 6 దాకా ఒక్క షింకన్‌సెన్ కూడా నడవదు. పట్టాల పని అప్పుడే చేస్తారు.

#22 కాజీపేట_గ్యాంగ్‌మేట్
ఆ ఆరు గంటల మాట చదివి నాకు కళ్లు చెమర్చాయి బాబూ. మాకు బ్లాకు, అంటే పని కోసం బళ్లు ఆపే సమయం, దొరకాలంటే రెండు బళ్ల మధ్య గంట కోసం ఫోన్లు పట్టుకుని బతిమాలేవాళ్లం. పట్టా కింద కంకర కూరే పాకింగ్ పని సగంలో ఉండగా బండి వస్తోందని తప్పుకునేవాళ్లం. మా కీమ్యాన్ ఒకాయన పొద్దున మంచులో పట్టా చూసుకుంటూ వెళ్లి తిరిగి రాలేదు. రాత్రంతా పట్టా మనుషులది, పగలంతా బళ్లది అన్న పద్ధతి ఒక్కటి మన మామూలు లైన్లకూ తెచ్చినా చాలు.

భద్రత గురించి గొప్పగా చెప్పుకునేటప్పుడు దీన్నే ముందు చెప్పాలి. 1998 జూన్ 3న జర్మనీలో ఎషెడె దగ్గర హైస్పీడ్ రైలు చక్రం పైని ఉక్కు పట్టీ అలసిపోయి తెగింది. 101 మంది పోయారు. కంప్యూటర్లన్నీ ఉన్నాయి. ఆ పగులును ఎవరూ పట్టుకోలేదు.

#23 ఓరుగల్లు_వాణి
మరి డ్రైవరు సిగ్నల్ ఎలా చూస్తాడు అంత వేగంలో? తెలియక అడుగుతున్నాను.

#24 కాజీపేట_గ్యాంగ్‌మేట్
చూడలేడమ్మా. 320 వేగంలో బ్రేకు వేస్తే ఆగడానికి దాదాపు 4 కిలోమీటర్లు పడుతుంది. అంటే సిగ్నల్ కంటికి కనిపించేలోపే నిర్ణయం అయిపోవాలి. అందుకే స్తంభాల మీద సిగ్నళ్లుండవు, ఎంత వేగం పోవచ్చో క్యాబిన్‌లోనే చూపిస్తుంది, దాటితే బ్రేకు దానంతటదే పడుతుంది. బళ్లు ఢీకొనకుండా బ్రేకు వేసే మన కవచ్ కూడా ఆ దారిలో వేసిన అడుగే, మొదట ఎక్కువగా పెట్టింది మన దక్షిణ మధ్య రైల్వేలోనే.

#25 ఓరుగల్లు_వాణి
భూకంపం వస్తే?

#26 నగోయా_నాని
మొదట వచ్చే చిన్న తరంగాన్ని పసిగట్టి, పెద్ద కుదుపు రాకముందే కరెంటు తీసేస్తారు, బళ్లు బ్రేకు వేసుకుంటాయి. 2004 అక్టోబర్‌లో నీగాతా భూకంపం కేంద్రానికి మరీ దగ్గర్లో ఉన్న ఒక రైలు పట్టా తప్పింది, పది పెట్టెల్లో ఎనిమిది దిగిపోయాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ముంబై–అహ్మదాబాద్ లైనుకు భూకంపాన్ని పసిగట్టే 28 యంత్రాలు పెడుతున్నారు, వాటిలో కొన్ని లైనుకు చాలా దూరంలో, లాతూర్, భుజ్ వైపు.

#27 నాగానో_కోడలు
నానీ గారు చెప్పనిది ఒకటి ఉంది. నేనుండేది నాగానో వైపు. 1998 శీతాకాల ఒలింపిక్స్ కోసం 1997లో ఇక్కడికి షింకన్‌సెన్ వచ్చింది. అదే రోజు యొకొకావా–కరుఇజావా మధ్య కొండ ఎక్కే పాత లైను మూసేశారు. ఇప్పుడు అక్కడ బస్సే. కరుఇజావా అవతల పాత లైనులో చాలా భాగాన్ని పెద్ద రైల్వే సంస్థ వదిలించుకుని స్థానిక సంస్థకు అప్పజెప్పింది, ఛార్జీలు పెరిగాయి. టోక్యో వెళ్లేవాళ్లకు గంటలు మిగిలాయి, పక్క ఊరి బడికి వెళ్లే పిల్లలకు ఖర్చు పెరిగింది.

ఇక్కడ దీన్ని స్ట్రా ప్రభావం అంటారు. కొబ్బరి బొండాంలో స్ట్రా పెడితే నీళ్లు ఎటు పోతాయి? దారి సులువైతే చిన్న ఊరి కొనుగోళ్లు, చదువులు, ఉద్యోగాలు పెద్ద ఊరికి పోతాయి. మా పక్కింటి బామ్మగారు బట్టల కొట్టు మూసేసింది. అమ్మాయిలు టోక్యో వెళ్లి కొనుక్కుంటున్నారని.

#28 బెంగళూరు_భాస్కర్
అదే దారిలో పర్యాటకులు మీ ఊరికి వస్తారు కదా?

#29 నాగానో_కోడలు
వస్తున్నారు. కరుఇజావా బాగా పెరిగింది. ఏ ఊరికి ఏది జరుగుతుందో ముందే చెప్పలేం, అదే నేననేది.

#30 లెక్కల_మాస్టారు
లక్షా ఎనిమిది వేల కోట్ల అంచనాతో మొదలైన లైను ఇది. అందులో 81 శాతం జపాన్ అప్పు, వడ్డీ 0.1 శాతం, తీర్చడానికి 50 ఏళ్లు. వడ్డీ చవక అంటారు, కానీ అప్పు యెన్‌లలో ఉంది. రూపాయి పడిపోయినప్పుడల్లా అప్పు బరువు పెరుగుతుంది. ఆ డబ్బులో కొంత పెట్టి నవజీవన్ లాంటి బళ్లకు జనరల్ బోగీలు పెంచితే ఎంతమందికి సుఖం!

#31 కాజీపేట_గ్యాంగ్‌మేట్
మాస్టారూ, బోగీలు పెంచొచ్చు. బళ్లు పెంచాలంటే పట్టా ఖాళీ ఉండాలి. జపాన్ వాళ్లు తొకైదో కొత్త లైను వేసింది కూడా పాతది నిండిపోయినందుకే. దానికీ ఖర్చు దాదాపు రెండింతలైంది, ప్రపంచ బ్యాంకు దగ్గర 8 కోట్ల డాలర్ల అప్పు తెచ్చారు. దాన్ని నడిపించిన రైల్వే అధ్యక్షుడు సొగొ, చీఫ్ ఇంజనీరు షిమా ఇద్దరూ 1963లో తప్పుకోవాల్సి వచ్చింది. మొదటి రైలు జెండా ఊపిన చోట వాళ్లు లేరు. వేగం బళ్లు పక్కకు పోతే పాత పట్టా మీద మన ప్యాసింజర్లకు చోటు దొరకాలి. దొరికిన చోటును పేదవాళ్ల బళ్లకే ఇవ్వాలని మనం గట్టిగా అడగాలి, నాకు తెలిసింది అంతే.

#32 ఉధనా_అకౌంట్స్
మీరంతా టోక్యో, తైవాన్ తిరిగొచ్చారు, మగ్గం అన్నకు ఆదివారం దగ్గర పడుతోంది. సూరత్‌లో ఇరవై ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను, వినండి. గుజరాత్‌లో రైతు ఖాతా లేనివాళ్లు వ్యవసాయ భూమి కొనడం కుదరదు. ఆ ప్లాటు ఎన్‌ఏ అయిందా, అంటే వ్యవసాయేతరంగా మార్చారా అన్నది మొదట చూడండి. సాత్-బార్ ఉతారా, అంటే భూమి హక్కుల రికార్డు నకలు, తీయించి ఎవరి పేరుందో, ఎంత మంది వాటాదారులో చూడండి. కాగితాలు చూపించకుండా టోకెన్ అడిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

#33 లింబాయత్_మగ్గం
నిన్న బాపును తీసుకుని అంత్రోలీ వెళ్లాను. ఏజెంటు చూపించిన చోట చెరకు ఉంది. సాత్-బార్ అడిగితే రేపు ఇస్తానన్నాడు. ఎన్‌ఏ అయిందా అంటే ప్రాసెస్‌లో ఉందన్నాడు. ఇక్కడ ఏ బళ్లు ఆగుతాయి, మెట్రో ఎప్పుడొస్తుంది అని కూడా అడిగాను. పెద్ద స్టేషను కదా అన్నీ ఆగుతాయిలే అన్నాడు.

బాపు ఏమీ మాట్లాడలేదు. తిరిగొస్తూ వంతెన కింద ఆటో ఆపమన్నాడు. దిగి స్తంభం మీద చెయ్యి పెట్టి పైకి చూశాడు. సింహాద్రి గారు రాసినదంతా ఫోన్లో చదివి వినిపించాను. అతుకు లేకుండా ఒకేసారి పోస్తారంటే నమ్మలేదు. పోగు తెగకుండా తాకా మొత్తం దించినట్టా, అని అడిగాడు. అవునన్నాను.

టోకెన్ ఇవ్వలేదు. మగ్గాలు అమ్మట్లేదు. దసరాకు ఊరికి టికెట్లు చూడమన్నాడు, నలుగురికి. వెయిటింగ్ లిస్టు చూపిస్తోంది.

#34 చీరాల_చిన్నోడు
హమ్మయ్య. మా మేనమామకు కూడా ఇది చదివి వినిపిస్తాను.

#35 భివండి_పద్మ
బాపుకు నా దండాలు చెప్పండి.

#36 లింబాయత్_మగ్గం
చెబుతాను అక్కా. సింహాద్రి గారూ, మీ మేస్త్రీ డబ్బులు ఇచ్చాడా? బాపు అడగమన్నాడు.

#37 టెక్కలి_సింహాద్రి
ఒక నెలది పంపాడు. ఇంకో నెలది రావాలి. ఇప్పుడు వేరే సైటులో ఉన్నాను, రేపు రాత్రి పోత ఉంది.